కోర్ 2 డుయో, పాత ఆటమ్, పెంటియమ్ 3: మెల్ట్‌డౌన్, స్పెక్టర్ వీటికి ఎంతవరకు తగులుతాయి?

డీటీపీ_బెంచి అడిగారు:

అందరికీ నమస్కారం. 2018 జనవరిలో ప్రాసెసర్ల నుంచి రహస్య డేటా కారిపోయే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడినప్పటి నుంచి ఏటా ఏదో ఒక కొత్త పేరు వింటూనే ఉన్నాం. రాసేవాళ్లంతా కొత్త చిప్పుల గురించే రాస్తున్నారు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి ప్రాసెసర్ల సంగతి సూటిగా ఎక్కడా దొరకడం లేదు. జాబితాలో పేరు లేకపోతే లోపం లేనట్టా, లేక కంపెనీ ఆ చిప్పును పట్టించుకోవడం మానేసినట్టా?

నేను లెక్క తేల్చుకోవాల్సిన మెషిన్లు ఇవి. అన్నీ రోజూ పనిచేస్తున్నవే.

– పెంటియమ్ 3, 866 మెగాహెర్ట్జ్. ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. నెట్ లేదు.
– పెంటియమ్ ఎమ్ ల్యాప్‌టాప్, 2003 నాటిది. డెబియన్ 12, 32 బిట్.
– ఆటమ్ ఎన్270 నెట్‌బుక్. డెబియన్ 12, 32 బిట్.
– కోర్ 2 డుయో ఈ8400, 4 జీబీ ర్యామ్. డెబియన్ 12, 64 బిట్. బ్యాంకు పనులు దీని మీదే.
– అథ్లాన్ 64 ఎక్స్2. డెబియన్ 12.
– ఐ5-2400. విండోస్ 10.
– రాస్‌ప్‌బెర్రీ పై 3.

ఈ8400 మీద ఎల్ఎస్‌సీపీయూ (ప్రాసెసర్ వివరాలు చూపే లైనక్స్ కమాండు) కొడితే చివర్లో కొన్ని వరుసలకు ‘మిటిగేషన్’ (అడ్డు ఉంది) అని, కొన్నింటికి ‘వల్నరబుల్’ అని, ఒకదానికి ‘అన్‌నోన్’ అని వస్తోంది. ఎన్270లో అన్నీ ‘నాట్ ఎఫెక్టెడ్’. బలహీనమైన చిప్పు సురక్షితమై, దానికన్నా బలమైనది కాకపోవడం ఎలా? ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

పైప్‌లైన్ రాశారు:

ఇక్కడ చిప్పు వయసు కాదండి, లోపల పని ఎలా జరుగుతుందన్నదే చూడాలి.

ఒక షరతు నిజమో కాదో తేలాలంటే మెమొరీ నుంచి విలువ రావాలి. అది రావడానికి వందల సైకిళ్లు పట్టవచ్చు. అంతసేపు ఊరికే కూర్చోకుండా ప్రాసెసర్ ఒక దారిని ఊహించుకుని ముందుకు పోతుంది. ఊహ తప్పితే ఆ దారిలో చేసిన లెక్కలన్నీ కొట్టేస్తుంది. అయితే లెక్కల విలువలు ఉండే రిజిస్టర్లను వెనక్కి తిప్పినంత శుభ్రంగా క్యాష్‌ను (మెమొరీకి ముందుండే చిన్న, వేగమైన నిల్వను) తిప్పదు. తప్పు దారిలో ఉండగా క్యాష్‌లోకి వచ్చిన లైను (డేటా ముక్క) అక్కడే ఉండిపోతుంది. ఏ లైను తొందరగా వస్తోంది, ఏది ఆలస్యమవుతోంది అని గడియారం పెట్టి కొలిస్తే, తప్పు దారిలో ఏ విలువ చదివారో బయటికి వచ్చేస్తుంది.

దీనికి కనీసం రెండు మెమొరీ చదువులు కావాలి. మొదటిది రహస్యాన్ని తెస్తుంది. రెండోది ఆ రహస్యాన్నే చిరునామాగా వాడుకుని ఒక క్యాష్ లైనును కదిలిస్తుంది. తప్పు దారిలో, ఆ షరతు తేలేలోపు ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి జరిగిపోవాలి. ఇంటెల్ చిప్పుల్లో ఆ సత్తా 1995లో వచ్చిన పెంటియమ్ ప్రోతో మొదలైంది. పెంటియమ్ 2, పెంటియమ్ 3 దాని వంశమే. పెంటియమ్ 4 వేరే నిర్మాణమైనా దానికీ ఈ గుణం ఉంది.

అంతకుముందు 1993 నాటి మొదటి పెంటియమ్‌లోనూ బ్రాంచి (షరతును బట్టి దారి చీలే చోటు) ఊహ ఉంది, కానీ సూచనలు వరుస తప్పకుండా నడుస్తాయి. ఊహించిన దారిలో సూచనలను తెచ్చుకుని, విప్పి సిద్ధంగా పెట్టుకోవడం వరకే. షరతు తేలేలోపు ఆ రెండు చదువులు పూర్తయ్యే వీల్లేదు. 486 సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన పట్టికలో 486 తరాన్ని, మొదటి పెంటియమ్ ఉండే ఇంటెల్ ఫ్యామిలీ 5ను ‘స్పెక్యులేషన్ (ఊహించి ముందే నడపడం) లేనివి’ అని పక్కన పెట్టింది.

మీ ఎన్270 కూడా ఆ గంపలోదే. 2008లో వచ్చిన బోనెల్ ఆటమ్, ఆ తర్వాతి సాల్ట్‌వెల్ కరెంటు ఆదా కోసం వరుస క్రమంలో నడిచేలా కట్టిన చిప్పులు. 2013లో సిల్వర్‌మాంట్ వచ్చాక ఆటమ్ కూడా వరుస వదిలేసింది. కాబట్టి ఆటమ్ అన్న పేరు చూసి ధీమా పడకూడదు. ఎన్270, ఎన్450, డీ525 ఒక గుంపు, బే ట్రెయిల్ ఇంకో గుంపు.

కోర్ 2, పెంటియమ్ ఎమ్, పెంటియమ్ 3, ఐ5 నాలుగూ వరుస తప్పి నడిచేవే. ఇంటెల్ చిప్పులకు మెల్ట్‌డౌన్ అదనం. యూజర్ ప్రోగ్రాము కెర్నల్ చిరునామాను చదవబోతే అనుమతి లేదని తేలుతుంది. కానీ ఆ తీర్పు సూచన రిటైరయ్యే దాకా, అంటే దాని ఫలితం ఖరారయ్యే దాకా అమలు కాదు. ఈలోగా విలువ తర్వాతి సూచనలకు అందిపోతుంది. ఏఎండీలో అనుమతి లేని విలువ ముందుకు పోదు. అందుకే మీ అథ్లాన్‌కు మెల్ట్‌డౌన్ లేదు, దాని తర్వాత బయటపడిన ఎల్1టీఎఫ్ (ఎల్1 క్యాష్‌లోని డేటా కారే లోపం) లేదు, ఎమ్‌డీఎస్ (చిప్పు లోపలి బఫర్ల డేటా కారే లోపం) లేదు. అది కే8 తరం కాబట్టి స్పెక్టర్‌లో నాలుగో రకం, అంటే స్పెక్టర్ 4 కూడా లేదు. మొదటి రెండు రకాలు, అంటే స్పెక్టర్ 1, 2 మాత్రం ఉన్నాయి. వీటికి కొత్త మైక్రోకోడ్ (చిప్పు లోపలి నియంత్రణ కోడ్) ఏఎండీ 2011 నాటి బుల్డోజర్ తరం నుంచే ఇచ్చింది. కే8కు, ఫెనోమ్ తరానికి రాలేదు. అక్కడ కెర్నల్‌లోని రెట్‌పోలిన్ (బ్రాంచి ఊహ దారి తప్పకుండా కోడ్ రాసే ఉపాయం) ఒక్కటే దిక్కు.

రాస్‌ప్‌బెర్రీ పై 3లోని కార్టెక్స్ ఏ53 వరుస క్రమపు చిప్పు. దానికి ఈ బాధ లేదు. పై 4లోని ఏ72కు ఉంది.

బీగిల్_పలక రాశారు:

పైప్‌లైన్ గారు చెప్పినదానికి ఒక సవరణ. వరుస క్రమంలో నడుస్తుంది కాబట్టి సురక్షితం అనే సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. కార్టెక్స్ ఏ8 వరుస క్రమపు చిప్పే. అయినా ఆర్మ్ కంపెనీ తన పట్టికలో దాన్ని స్పెక్టర్ 1, 2 రెండింటికీ లోబడేదిగా చూపించింది. దాని లోపల సూచనలు దశలవారీగా సాగే పైప్‌లైన్ 13 మెట్ల పొడవు. బ్రాంచి తేలేలోపు తప్పు దారిలో మెమొరీ చదువులు బయల్దేరిపోతాయి. ఏ5, ఏ7, ఏ53 ఆ పట్టికలో లేవు. ఏ9, ఏ15, ఏ17 ఉన్నాయి.

బీగిల్‌బోన్ బ్లాక్ లాంటి ఏ8 పలకలు వాడేవాళ్లు డీమెసేజ్ (కెర్నల్ సందేశాల చిట్టా) తప్పక చూడాలి. ఏ8లో కెర్నల్ స్పెక్టర్ 2 రక్షణ పనిచేయాలంటే బూట్‌లోడర్ ముందే ఆక్సిలరీ కంట్రోల్ రిజిస్టర్‌లో ఐబీఈ అనే బిట్టును వెలిగించి ఉండాలి. లేకపోతే ‘ఫర్మ్‌వేర్ ఐబీఈ బిట్ పెట్టలేదు, సిస్టమ్ వల్నరబుల్’ అనే అర్థంతో ఒక వరుస వస్తుంది. కొత్త కెర్నల్ వేసి యూ-బూట్ అనే పాత బూట్‌లోడర్‌ను అలాగే ఉంచేసిన చోట తప్పు ఇక్కడే జరుగుతుంది. యూ-బూట్ కూడా మార్చి మళ్లీ చూడండి.

పైప్‌లైన్ రాశారు:

నిజమే, నేను గీత మరీ లావుగా గీశాను. సరైన ప్రశ్న ‘వరుస క్రమమా కాదా’ అన్నది కాదు. ‘బ్రాంచి తేలేలోపు ఆధారపడ్డ రెండు చదువులు జరుగుతాయా’ అన్నదే. ధన్యవాదాలు.

కెర్నల్_వరుస రాశారు:

డీటీపీ_బెంచి గారూ, ఈ8400లో మీరు చూస్తున్న వరుసలను ఒక్కొక్కటిగా విప్పుదాం. ఎల్ఎస్‌సీపీయూ చూపించేది కెర్నల్ సిస్ ఫోల్డరులో, డివైసెస్, సిస్టమ్, సీపీయూ కింద ఉండే వల్నరబిలిటీస్ అనే డైరెక్టరీలోని ఫైళ్లే. నేరుగా వాటినే చదవొచ్చు.

‘మెల్ట్‌డౌన్: మిటిగేషన్, పీటీఐ’. ఇది పూర్తి రక్షణ. మైక్రోకోడ్ అక్కర్లేదు. యూజర్ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపు కెర్నల్ పేజీలు దాదాపు ఏవీ దాని పేజీ టేబుల్‌లో (మెమొరీ చిరునామాల పట్టికలో) ఉండవు. లేని చిరునామాను ఊహించి చదివినా ఏమీ రాదు. ఖర్చు మాత్రం మీ చిప్పుకు ఎక్కువ. పీసీఐడీ అనే సదుపాయం 2010 నాటి వెస్ట్‌మీర్ తరంతో వచ్చింది. అది ఉంటే పేజీ టేబుల్ మారినా టీఎల్‌బీ (ఇటీవల వాడిన చిరునామాలు గుర్తుంచుకునే చోటు) ఖాళీ కాదు. కోర్ 2లో, మొదటి నెహాలెమ్‌లో అది లేదు. కాబట్టి ప్రతి సిస్టమ్ కాల్‌కు (ప్రోగ్రాము కెర్నల్‌ను పని అడిగిన ప్రతిసారీ) లోపలికి పోతూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి టీఎల్‌బీ ఖాళీ అయి మళ్లీ నిండాలి. వేలకొద్దీ చిన్న ఫైళ్లు కాపీ చేయడం, గిట్, డేటాబేస్, కంపైలింగ్ లాంటి పనుల్లో ఇది తెలుస్తుంది. వీడియో చూడటంలో, ఫోటో ఎడిటింగ్‌లో దాదాపు తెలియదు.

‘స్పెక్టర్ వీ2: మిటిగేషన్, రెట్‌పోలిన్స్, ఎస్‌టీఐబీపీ డిసేబుల్డ్, ఆర్‌ఎస్‌బీ ఫిల్లింగ్’. ఇందులో లేని మాటను పట్టుకోవాలి. మీ ఐ5 మీద లైనక్స్ ఎక్కిస్తే ఇదే వరుసలో ‘ఐబీపీబీ: కండిషనల్’ అని ఉంటుంది. మీ ఈ8400లో ఉండదు. రెట్‌పోలిన్ కెర్నల్‌ను కాపాడుతుంది. ఒక యూజర్ ప్రోగ్రాము ఇంకో యూజర్ ప్రోగ్రాము బ్రాంచి ఊహలను పాడుచేయకుండా మధ్యలో తుడిచే ఆదేశమే ఐబీపీబీ. అది మైక్రోకోడ్‌తోనే వస్తుంది. 2018 ఏప్రిల్‌లో ఇంటెల్ విడుదల చేసిన మార్గదర్శకంలో వోల్ఫ్‌డేల్, యార్క్‌ఫీల్డ్, పెన్రిన్, హార్పర్‌టౌన్, బ్లూమ్‌ఫీల్డ్ చిప్పులకు ‘స్టాప్డ్’ అని రాసేసింది. ఈ8400 వోల్ఫ్‌డేలే. బయాస్ అప్‌డేట్ కోసం మదర్‌బోర్డు కంపెనీ సైటులో వెతకడం వృథా. ఇంటెల్ మైక్రోకోడ్ ప్యాకేజీలో కోర్ 2 ఫైళ్లు ఉన్నమాట నిజమే, అవి 2018కి ముందువి. వేసుకోండి, పాత తప్పులు కొన్ని సరిపోతాయి, ఈ తూట్లు మాత్రం మూసుకోవు.

‘ఎమ్‌డీఎస్: వల్నరబుల్: క్లియర్ సీపీయూ బఫర్స్ అటెంప్టెడ్, నో మైక్రోకోడ్’. కెర్నల్ బఫర్లు తుడిచే ఆదేశాన్ని ఇస్తూనే ఉంది. కానీ ఆ ఆదేశానికి ‘తుడువు’ అనే అర్థం వచ్చేది కొత్త మైక్రోకోడ్ ఉంటేనే. లేకపోతే అది 286 కాలపు పాత సూచనలాగే పనిచేసి ఊరుకుంటుంది. ఈ తూటు మూసుకోదు.

‘స్పెక్ స్టోర్ బైపాస్: వల్నరబుల్’. స్పెక్టర్ 4 ఇదే. దీనికీ ఇంటెల్ చిప్పుల్లో మైక్రోకోడే కావాలి. ప్రధానంగా ఒకే ప్రాసెస్ లోపల, అంటే బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ లాంటి వాటితో వచ్చే బెడద. ఒక్కో సైటును వేరే ప్రాసెస్‌లో నడిపితే తీవ్రత చాలా తగ్గుతుంది.

‘ఎల్1టీఎఫ్: మిటిగేషన్, పీటీఈ ఇన్వర్షన్’. ఇది సాఫ్ట్‌వేర్‌తోనే సరిపోయింది.

‘ఎమ్ఎమ్ఐఓ స్టేల్ డేటా: అన్‌నోన్: నో మిటిగేషన్స్’. లోపం ఉందో లేదో కెర్నల్ తేల్చలేదని దీని అర్థం. ఆ చిప్పు ఇంటెల్ సేవాకాలం దాటిపోయింది కాబట్టి కంపెనీ దాని స్థితిని ప్రకటించలేదు. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. జాబితాలో పేరు లేకపోవడం, ‘నాట్ ఎఫెక్టెడ్’ అని ఉండటం రెండూ ఒకటి కావు.

‘టీఎస్ఎక్స్ అసింక్ అబార్ట్: నాట్ ఎఫెక్టెడ్’. ఇది నికరమైన మాట. టీఎస్ఎక్స్ అనే సదుపాయమే 2013 హాస్వెల్‌తో వచ్చింది. లేని గదికి తాళం అక్కర్లేదు.

డీటీపీ_బెంచి రాశారు:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, పెంటియమ్ 3 మీద ఎవరూ దాడి చేసి చూపించలేదంటున్నారు, అలాంటప్పుడు దాన్ని సురక్షితం అనుకోవచ్చా? రెండు, పెంటియమ్ ఎమ్ ల్యాప్‌టాప్‌లో మెల్ట్‌డౌన్ ‘వల్నరబుల్’ అనే వస్తోంది, డెబియన్ అన్ని అప్‌డేట్లూ వేశాను. మూడు, ఈ8400లో వేగం కోసం ‘మిటిగేషన్స్ ఆఫ్’ (ఈ అడ్డులన్నీ ఆపేసే కెర్నల్ మాట) పెట్టమంటున్నారు కొందరు.

కెర్నల్_వరుస రాశారు:

రెండోది ముందు చెప్తాను, అది వెంటనే సరిచేసుకోవాల్సింది.

32 బిట్ కెర్నల్‌లో పేజీ టేబుళ్ల విభజన 64 బిట్‌తో పాటు రాలేదు. 64 బిట్‌కు 4.15లో వస్తే, 32 బిట్‌కు 4.19లో వచ్చింది. అదీ పీఏఈ (పేజీ టేబుల్‌లో పెద్ద పద్దులు వాడే 32 బిట్ సదుపాయం) ఉన్న కెర్నల్‌కే. డెబియన్ 12లో 32 బిట్ కెర్నళ్లు రెండు రకాలు: పేరు చివర 686-పీఏఈ అని ఉండేది, ఉత్త 686 అని ఉండేది. మీ పెంటియమ్ ఎమ్ 2003 నాటి బానియాస్. దానిలో పీఏఈ నిజానికి పనిచేస్తుంది, కానీ ఉందని చిప్పు చెప్పుకోదు. అందుకని ఇన్‌స్టాలర్ ఉత్త 686 వేసి ఉంటుంది. ఆ కెర్నల్‌లో మెల్ట్‌డౌన్ రక్షణ కంపైలే కాలేదు. ఎన్ని అప్‌డేట్లు వేసినా రాదు. బూట్ అయ్యేటప్పుడు డీమెసేజ్‌లో ‘కెర్నల్ నాట్ కంపైల్డ్ ఫర్ పీఏఈ, నో మిటిగేషన్ ఫర్ ఎల్1టీఎఫ్’ అని కూడా కనబడుతుంది.

చేయాల్సింది: యూనేమ్ కమాండుకు మైనస్ ఆర్ ఇచ్చి ఏ కెర్నల్ నడుస్తోందో చూడండి. ఉత్త 686 అయితే 686-పీఏఈ ఇమేజ్ ప్యాకేజీని అదనంగా వేయండి. పాతదాన్ని తీసేయకండి. రీబూట్ చేసి గ్రబ్ (బూట్‌లోడర్) మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, కొత్త కెర్నల్ మీద నిలబడి ‘ఇ’ అక్షరం నొక్కండి. లైనక్స్ అనే పదంతో మొదలయ్యే వరుస చివర ‘ఫోర్స్‌పీఏఈ’ని చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాసి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ మాట లేకుండా పీఏఈ కెర్నల్ ఆ చిప్పు మీద లేవదు. చక్కగా లేచి, మెల్ట్‌డౌన్ వరుసలో ‘పీటీఐ’ కనబడితే అప్పుడు గ్రబ్ డీఫాల్ట్ ఫైలులో శాశ్వతంగా రాసి అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. చిప్పును అది ప్రకటించిన హద్దు దాటించి నడుపుతున్నామని కెర్నల్ ఒక హెచ్చరిక పెడుతుంది, కంగారు పడకండి. పేజీ టేబుల్‌లో ఒక్కో పద్దు 4 బైట్ల నుంచి 8 బైట్లకు పెరుగుతుంది. 512 ఎంబీ ర్యామ్ ఉన్నచోట ఆ భారం కొంచెం తెలుస్తుంది.

ఇంకో సంగతి. డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు కెర్నల్, ఇన్‌స్టాలర్ రెండూ తీసేశారు. ఈ ల్యాప్‌టాప్, ఎన్270 రెండింటికీ 12వ వెర్షనే చివరి మజిలీ.

మిటిగేషన్స్ ఆఫ్ విషయం. నెట్ లేని, ఒకే మనిషి ఒకే పనికి వాడే మెషిన్‌లో అయితే పెట్టుకోవచ్చు. ఈ8400లో బ్యాంకు పనులు అన్నారు కాబట్టి వద్దు. ఇప్పుడు మెల్ట్‌డౌన్‌కు, కెర్నల్ మీది స్పెక్టర్ 2కు సాఫ్ట్‌వేర్ అడ్డు ఉంది. ఆ మాట రాస్తే ఆ రెండూ ఒకేసారి పోతాయి. ఎమ్‌డీఎస్‌కు, స్పెక్టర్ 4కు కెర్నల్ అడ్డు ఎలాగూ లేదు. అంటే కొత్త చిప్పులో ఆపడం కన్నా ఇక్కడ ఆపడమే ఎక్కువ నష్టం.

వేగం నిజంగా ఎక్కడ పోతోందో ముందు కొలవండి. గ్రబ్‌లో పైన చెప్పినట్టే ‘ఇ’ నొక్కి ‘నోపీటీఐ’ అని ఒక్క బూట్‌కు మాత్రం రాయండి, నెట్ తీగ తీసేసి. మీరు రోజూ చేసే పనిని టైమ్ కమాండు ముందు పెట్టి మూడేసి సార్లు నడపండి. మొదటిసారి లెక్కలో వేయొద్దు, డిస్కు నుంచి చదివిన సమయం అందులో కలుస్తుంది. తేడా సిస్ అనే అంకెలో (కెర్నల్‌లో గడిచిన సమయంలో) కనబడకపోతే మీ నెమ్మదికి కారణం మిటిగేషన్లు కాదు. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు ఉన్నచోట ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే లాభం దీనికన్నా ఎన్నో రెట్లు.

పైప్‌లైన్ రాశారు:

మొదటి సందేహం నాకు వదిలేశారు కాబట్టి చెప్తాను.

మెల్ట్‌డౌన్ కనుగొన్నవాళ్లు 2018లో అన్నది ఇది: 1995 తర్వాతి ఇంటెల్ చిప్పులు దాదాపు అన్నింటికీ ఈ లోపం ఉండే అవకాశం ఉంది, ఇటానియం, 2013కి ముందటి ఆటమ్ తప్ప. తాము పరీక్షించి చూపింది మాత్రం 2011 తర్వాతి తరాల మీద. ఈ రెండు వాక్యాల మధ్య దూరాన్ని కొందరు ‘2011కి ముందువి భేష్’ అని చదువుకుంటున్నారు. అది తప్పు.

పెంటియమ్ 3లో ఒకేసారి గాలిలో ఉండగల మైక్రో ఆపరేషన్లు 40. కోర్ 2లో 96, నెహాలెమ్‌లో 128, శాండీ బ్రిడ్జ్‌లో 168, స్కైలేక్‌లో 224. దాడికి కావలసిన తునక ఐదారు సూచనలు మించదు, 40 చాలు. కష్టమల్లా కొలతలో ఉంది. ఒక క్యాష్ లైనును పేరు పెట్టి బయటికి తోసే సీఎల్‌ఫ్లష్ సూచన పెంటియమ్ 4లో ఎస్ఎస్ఈ2 అనే అదనపు సూచనల గుంపుతో వచ్చింది. పెంటియమ్ 3లో లేదు. అయితే ఎల్1 డేటా క్యాష్ 16 కేబీయే, నాలుగు వరుసల అమరిక. అదే సెట్టులో పడే వేరే చిరునామాలను చదివి పాత లైనును గెంటేయడం పెద్ద పని కాదు. సైకిళ్లు లెక్కపెట్టే ఆర్‌డీటీఎస్‌సీ 1993 నుంచే ఉంది. కాబట్టి పనిముట్లన్నీ ఉన్నాయి.

అయినా మీ మెషిన్ విషయంలో నేను కంగారు పడను, కారణం వేరు. దాడి చేసే కోడ్ ఆ చిప్పు మీద నడవాలి. నెట్ లేని ఎక్స్‌పీలోకి అది పెన్‌డ్రైవ్‌లోనే రావాలి. 2014 ఏప్రిల్‌తో సపోర్టు ఆగిన ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ నుంచి ఏదైనా నడిచిందంటే, ఫైళ్లన్నీ నేరుగానే దాని చేతికి అందుతాయి. క్యాష్‌ను కొలుస్తూ కూర్చునే అవసరమే రాదు. అక్కడ మీరు జాగ్రత్త పడాల్సింది పెన్‌డ్రైవ్ దగ్గర: ఆటోరన్ ఆపడం, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ను ముందు లైనక్స్ మెషిన్‌లో తెరిచి కావలసిన ఫైలు మాత్రం ఎత్తుకోవడం.

ఎన్270 గురించి కూడా ఒక మాట. అన్నీ ‘నాట్ ఎఫెక్టెడ్’ అంటే ఊహించి నడిపే లోపాలు లేవని మాత్రమే. క్యాష్ కొలతతో రహస్యాలు లాగడం అంతకన్నా పాత విద్య. 2005లోనే కోలిన్ పెర్సివల్ అనే పరిశోధకుడు పెంటియమ్ 4 హైపర్‌థ్రెడింగ్‌లో (ఒకే కోర్ మీద రెండు థ్రెడ్లు కలిసి నడిచే పద్ధతిలో) పక్క థ్రెడ్ క్యాష్ కదలికలను బట్టి ఆర్ఎస్ఏ తాళం చెవిని రాబట్టవచ్చని చూపించాడు. దానికి స్పెక్యులేషన్ అక్కర్లేదు. ఎన్270లోనూ హైపర్‌థ్రెడింగ్ ఉంది. మందు క్రిప్టో లైబ్రరీల్లో ఉంటుంది, వాటిని తాజాగా ఉంచండి.

కిటికీ_మేస్త్రి రాశారు:

విండోస్ వైపు ఎవరూ రాలేదు కాబట్టి ఐ5-2400 సంగతి నేను చెప్తాను. అది శాండీ బ్రిడ్జ్, 2011. ఇంటెల్ 2018లో దీనికి మైక్రోకోడ్ ఇచ్చింది, 2019 మే నెలలో ఎమ్‌డీఎస్ కోసం ఇంకోటి వచ్చింది. ఆ చివరి రివిజన్ 2ఎఫ్. బయాస్ పాతదైనా పరవాలేదు, విండోస్ 10 తన అప్‌డేట్ల ద్వారా ఈ తరానికి మైక్రోకోడ్ అందించింది. పవర్‌షెల్‌లో స్పెక్యులేషన్‌కంట్రోల్ అనే మాడ్యూల్ వేసుకుని, అందులోని ‘గెట్’ కమాండును నడపండి. ‘హార్డ్‌వేర్ సపోర్ట్ ప్రెజెంట్’ అన్నచోట ఫాల్స్ వస్తే మైక్రోకోడ్ ఎక్కలేదు. ‘విండోస్ సపోర్ట్ ఎనేబుల్డ్’ అన్నచోట ఫాల్స్ వస్తే రిజిస్ట్రీలో ఎవరో ఆపేశారు. మెమొరీ మేనేజ్‌మెంట్ కీ కింద ఫీచర్‌సెట్టింగ్స్‌ఓవర్‌రైడ్, దాని మాస్క్, రెండూ 3గా ఉంటే ‘వేగం పెంచే చిట్కా’ అని చెప్పి మెల్ట్‌డౌన్, స్పెక్టర్ 2 రక్షణలు తీసేశారన్నమాట. ఆ రెండు విలువలూ తొలగించి రీబూట్ చేయండి.

శాండీ బ్రిడ్జ్‌లో పీసీఐడీ ఉన్నా విండోస్ దాన్ని వాడదు. దానికి ఇన్వ్‌పీసీఐడీ అనే సూచన కూడా కావాలి, అది హాస్వెల్‌తో వచ్చింది. లైనక్స్‌కు పీసీఐడీ ఒక్కటి చాలు. అందుకే ఇదే మెషిన్‌లో మెల్ట్‌డౌన్ రక్షణ విండోస్‌లో ఎక్కువ బరువుగా ఉంటుంది. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక ఆ మెషిన్‌ను కూడా డెబియన్‌కు మార్చడం మేలు.

ఎవరైనా విండోస్ 7 ఇంకా నడుపుతుంటే రెండు గోతులున్నాయి. 64 బిట్ విండోస్ 7కు 2018 జనవరిలో వచ్చిన మెల్ట్‌డౌన్ ప్యాచ్‌లో ఒక అనుమతి బిట్టు తప్పుగా పడి, ఏ యూజర్ ప్రోగ్రామైనా మొత్తం ర్యామ్‌ను నేరుగా చదివేలా, రాసేలా అయింది. దాని నంబరు సీవీఈ-2018-1038. మార్చి చివర్లో కేబీ4100480తో సరిచేశారు. జనవరి, ఫిబ్రవరి ప్యాచ్‌ల దగ్గర ఆగిపోయిన మెషిన్లు ప్యాచ్ వేయని వాటికన్నా అధ్వానం. రెండో గోయి పెంటియమ్ 3 వాళ్లకు. 2018 మార్చి నెల అప్‌డేట్ కేబీ4088875 నుంచి ఎస్ఎస్ఈ2 లేని చిప్పుల మీద విండోస్ 7 బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతుంది. 32 బిట్ విండోస్ 7కు మెల్ట్‌డౌన్ రక్షణ వచ్చింది కూడా ఆ అప్‌డేట్‌తోనే. అంటే పెంటియమ్ 3, అథ్లాన్ ఎక్స్‌పీ వాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

బ్రౌజర్ గురించి: పాత మెషిన్‌కు బయటి కోడ్ వచ్చేది ప్రధానంగా ఇక్కడి నుంచే. క్రోమ్ 67తో సైట్ ఐసొలేషన్ (ఒక్కో సైటును వేరే ప్రాసెస్‌లో నడపడం) డెస్క్‌టాప్‌లలో దాదాపు అందరికీ వచ్చింది. మెమొరీ 10 నుంచి 13 శాతం ఎక్కువ తింటుందని వాళ్లే చెప్పారు. ఫైర్‌ఫాక్స్‌లో అదే పని చేసే ఫిషన్ 95వ వెర్షన్ నుంచి ఉంది. 4 జీబీ మెషిన్లలో ర్యామ్ మిగల్చడానికి దీన్ని ఆపేయమనే చిట్కాలు తిరుగుతున్నాయి. ఈ8400లో స్పెక్టర్ 4కు ఉన్న ఒకే ఒక్క గట్టి అడ్డు అదే, ఆపొద్దు. బ్యాంకు పని ఉన్నప్పుడు బ్రౌజర్ పూర్తిగా మూసి తెరిచి, ఆ ఒక్క సైటు మాత్రం తెరవండి. పని అవగానే లాగౌట్ చేసి మళ్లీ మూసేయండి. పక్కన ఇంకో బయటి కోడ్ లేకపోతే ఐబీపీబీ లేని లోటు చాలావరకు తీరుతుంది.

పైప్‌లైన్ రాశారు:

ఒకటి చేర్చాలి. పాతవన్నీ అధ్వానం అనే ముద్ర కూడా సరికాదు. 2023 ఆగస్టులో బయటపడిన డౌన్‌ఫాల్ అనే లోపం ఇంటెల్ 6వ తరం నుంచి 11వ తరం వరకే. మీ ఐ5-2400కు అది లేదు. 2022 నాటి రెట్‌బ్లీడ్ (రెట్‌పోలిన్‌ను దాటే దాడి) ఇంటెల్‌లో 6 నుంచి 8 తరాల వాటిది, కోర్ 2లో రెట్‌పోలిన్ ఇప్పటికీ గట్టిగానే నిలుస్తుంది. జెన్‌బ్లీడ్ అనే లోపం ఏఎండీ జెన్ 2 చిప్పులదే.

నెహాలెమ్_గది అడిగారు:

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఐ7-920 మీద కేవీఎమ్‌తో మూడు వర్చువల్ మెషిన్లు నడుపుతున్నాను, ఒకటి బయటివాళ్లకు ఇచ్చాను. పై లెక్కలో ఇది ఎక్కడ పడుతుంది?

కెర్నల్_వరుస రాశారు:

చెప్పినవాటన్నిటిలోకీ చెడ్డ చోట పడిందండి. 920 బ్లూమ్‌ఫీల్డ్, మైక్రోకోడ్ ‘స్టాప్డ్’ జాబితాలో ఉంది. కోర్ 2లో లేని ఈపీటీ (వర్చువల్ మెషిన్ పేజీ టేబుళ్ల పని చిప్పే చూసుకునే సదుపాయం) దీనిలో ఉంది. హైపర్‌థ్రెడింగ్ కూడా ఉంది. ఎల్1టీఎఫ్‌కు ఈ రెండూ బాగా కలిసొస్తాయి: గెస్ట్ (వర్చువల్ మెషిన్) తన పేజీ టేబుల్‌లో తనకు నచ్చిన చిరునామా రాసుకుంటుంది, పక్క థ్రెడ్ తెచ్చిన డేటా ఎల్1లో ఉంటే చదివేస్తుంది.

చేయగలిగినవి చెప్తాను. బయాస్‌లో హైపర్‌థ్రెడింగ్ ఆపండి, లేదా కెర్నల్ వరుసకు ‘నోఎస్ఎమ్‌టీ’ చేర్చండి. కేవీఎమ్ ఇంటెల్ మాడ్యూల్‌కు ఎల్1డీ ఫ్లష్ ‘ఆల్వేస్’ అని పెట్టండి. మైక్రోకోడ్ ఇచ్చే ఫ్లష్ ఆదేశం లేకపోయినా కెర్నల్ 64 కేబీ చదివి 32 కేబీ ఎల్1ను నింపేసే సాఫ్ట్‌వేర్ దారి పడుతుంది, నెమ్మదిగానైనా పని జరుగుతుంది. మాడ్యూల్‌కు ఈపీటీ సున్నా ఇస్తే ఎల్1టీఎఫ్ గెస్ట్ వైపు నుంచి పూర్తిగా మూసుకుంటుంది, కానీ పేజీ టేబుళ్లన్నీ హోస్టే చూసుకోవాల్సి వచ్చి గెస్టులు బాగా మందగిస్తాయి. ఇవన్నీ చేసినా ఎమ్‌డీఎస్ తెరిచే ఉంటుంది, ఐబీపీబీ రాదు. మీ మూడు గెస్టులూ మీవే అయితే ఇలా నడుపుకోవచ్చు. బయటివాళ్లకు ఇచ్చిన ఆ ఒక్కదాన్ని మాత్రం ఈ వారమే వేరే మెషిన్‌కు మార్చండి.